కౌలాలంపూర్ నుంచి సింగపూర్‌కు: విమానం గంట, ప్రయాణం ఆరు గంటలు

కౌలాలంపూర్, సింగపూర్ విమానాశ్రయాల మధ్య గగనతల దూరం సుమారు 300 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడకు రోడ్డు దూరం కంటే కాస్త ఎక్కువ. విమానం గాలిలో ఉండేది ముప్పావు గంటే అయినా, రన్‌వే దాకా విమానం నెమ్మదిగా కదిలే సమయం కూడా కలుస్తుంది కాబట్టి టికెట్టు మీద గంటకు పైగా చూపిస్తారు. రెండు నగరాల గడియారాలూ ఒకటే సమయం చూపిస్తాయి కనుక లెక్కలో తికమక లేదు. అయితే ఆ గంటను నమ్ముకుని రోజు ప్రణాళిక వేసుకోవడం పొరపాటని, అమ్మతో కలిసి వెళ్లేటప్పుడు విమానంలోనూ తిరిగి వచ్చేటప్పుడు బస్సులోనూ ప్రయాణించాక నాకు స్పష్టంగా తెలిసింది.

వెళ్లేటప్పుడు కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్ ప్రాంతంలో ఉన్న బస నుంచి ఉదయం ఏడింటికి బయలుదేరాము. కౌలాలంపూర్ విమానాశ్రయం నగరానికి 50 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. కేఎల్ సెంట్రల్ స్టేషన్ నుంచి ఎక్స్‌ప్రెస్ రైలు 28 నిమిషాల్లో మొదటి టెర్మినల్‌కు చేరుస్తుంది గానీ, టికెట్టు 55 రింగిట్లు (మలేషియా కరెన్సీ). చెక్-ఇన్, ఇమిగ్రేషన్, నిరీక్షణ, ఆ తరువాత సింగపూర్ చాంగీ విమానాశ్రయంలో మళ్లీ ఇమిగ్రేషన్, అక్కడి నుంచి మెట్రో మారుతూ లిటిల్ ఇండియా చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అయింది. ఆరు గంటల్లో గాలిలో గడిపింది ఎనిమిదో వంతు మాత్రమే.

తిరుగు ప్రయాణంలో బస్సుకు ఏడున్నర గంటలు పట్టింది. రహదారి దూరం దాదాపు 350 కిలోమీటర్లు, దారి చక్కగా ఉంటుంది, సీట్లు విశాలంగా ఉంటాయి, ఆలస్యమంతా సరిహద్దులోనే. 1924లో ప్రారంభమైన, రెండు దేశాలను సముద్రం మీదుగా కలిపే, కిలోమీటరు పొడవున్న జోహోర్ కాజ్‌వే వంతెన దగ్గర రెండుసార్లు బస్సు దిగాలి, రెండోసారి సామానంతా మోసుకుని తనిఖీ దాటాలి. మోకాళ్ల నొప్పితో మెట్ల దగ్గర అమ్మ ఆగిపోతే, మా బస్సు డ్రైవరు పావుగంటకు మించి ఆగేది లేదని ముందే చెప్పి ఉండడంతో నాకు చాలా ఆందోళన కలిగింది. పెద్దవాళ్లున్న బస్సుకు అంత తక్కువ గడువు పెట్టడం అన్యాయం. శుక్రవారం సాయంత్రాలు, సెలవు రోజులు ఈ వంతెన మీద వాహనాలు గంటల తరబడి నిలిచిపోతాయి. రెండు నగరాలను 90 నిమిషాల్లో కలపాలనుకున్న హైస్పీడ్ రైలు ఒప్పందం 2020 చివరితో ముగిసిపోవడం ఆ వరుసలో నిలబడినప్పుడు నిజంగా బాధ కలిగించింది.

భారతీయులకు 2023 డిసెంబరు 1 నుంచి మలేషియా 30 రోజుల వరకు వీసా లేకుండా ప్రవేశమిస్తోంది, సింగపూర్‌కు మాత్రం ముందే వీసా తీసుకోవాలి. మలేషియాలో మళ్లీ అడుగుపెట్టేటప్పుడు డిజిటల్ అరైవల్ కార్డు కొత్తగా నింపాలన్న సంగతి చాలామంది మరచిపోతారు.

బసల విషయంలో బ్రిక్‌ఫీల్డ్స్ నాకు ఎక్కువ నచ్చింది. గదికి రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను విడిగా కట్టినా, సింగపూర్‌లో ఇరుకు గదికి ఇచ్చిన డబ్బుతో ఇక్కడ విశాలమైన గది దొరికింది, స్టేషన్ నడక దూరంలోనే ఉంది. సింగపూర్‌లో లిటిల్ ఇండియా గుండా వెళ్లే సెరంగూన్ రోడ్డులో మాత్రం శ్రీనివాస పెరుమాళ్ ఆలయం దగ్గరే బస దొరకడం అమ్మకు పెద్ద సంతోషం. ఆమెతో మళ్లీ వెళ్తే విమానమే ఎక్కుతాను. ఒంటరిగా అయితే వారం మధ్యలో, ఉదయం బస్సు.