వెండి తీగల కిట్: ఆ పసుపు రంగు కోసం

కొల్లాయిడల్ సిల్వర్ అంటే వెండి సూక్ష్మ రేణువులు కలిసిన నీళ్లు, కొందరు మందుగా తాగుతారు. దాన్ని ఇంట్లో చేసుకునే కిట్‌లో వెండి తీగలను డిస్టిల్డ్ నీళ్లలో ముంచి కరెంటు పంపితే వెండి నీళ్లలోకి వదులుతుంది. ఆ కిట్ నేను తాగడానికి కొనలేదు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను, పిల్లలకు ఆ పసుపు రంగు చూపించాలని కొన్నాను. ఏళ్లు గడిచినా అది వస్తుంటే ఇంకా ఒళ్లు పులకరిస్తుంది.

కరెంటు ఆపాక బీకరులో ఉన్నవి చూడటానికి మామూలు నీళ్లే. చిటికెడు సోడియం కార్బొనేట్, కొన్ని చుక్కల గ్లూకోజ్ ద్రావణం వేసి వేడిచేస్తే మెల్లగా పసుపెక్కుతాయి. నీళ్లలో కరిగి ఉన్న వెండి అయాన్లు (విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులు) సూక్ష్మ రేణువులుగా మారి, 400 నానోమీటర్ల దగ్గరి ఊదా కాంతిని పీల్చేసుకుంటాయి. అందుకే మన కంటికి పసుపు. అంతకుముందు కనిపించని లేజర్ గీత ఇప్పుడు నీళ్లలో సన్నగా కనిపిస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుడగలొచ్చి రంగు విరిగిపోతుంది. పిల్లలు మళ్లీ చేయమంటారు.

ఒక వేసవిలో మాత్రం ఏడిపించింది. డిస్టిల్డ్ అని రాసిన ఇన్వర్టర్ బ్యాటరీ నీళ్ల డబ్బా షాపులో కొన్నాను. స్విచ్ వేసిన కాసేపటికే తీగ చుట్టూ తెల్లటి పొగలా లేచి బీకరంతా మబ్బు కమ్మింది. కిటికీ ఎండ తగిలిన వైపు ఊదా, ఆపైన బూడిద రంగు. కిట్ పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. ల్యాబ్‌లో ఆ డబ్బా నీళ్లకు సిల్వర్ నైట్రేట్ చుక్క తగలగానే తెల్లబడ్డాయి. క్లోరైడ్! వెండి దానితో కలిసి సిల్వర్ క్లోరైడ్ అయింది, వెలుతురుకు అదే నల్లబడింది. పాత ఫొటోలు తయారైంది ఈ గుణంతోనే. అలాంటి నీళ్లను డిస్టిల్డ్ అని అమ్మినవాళ్ల మీద కోపం ఇంకా తగ్గలేదు.

కొత్తలో ఈ కిట్‌లో కరెంటును దానంతటదే ఆపే టైమర్‌ను అందరి దగ్గరా మెచ్చుకున్నాను. ఆ మాట ఇప్పుడు కాస్త తగ్గించుకోవాలి. శుద్ధమైన నీళ్లలో మొదట కరెంటు పారనే పారదు, అయాన్లు చేరేకొద్దీ పెరుగుతూ పోతుంది. టైమర్ నిమిషాలే చూస్తుంది గానీ కరెంటును చూడదు, అందుకే చివర్లో వెండి గబగబా వదిలి అడుగున నల్లటి మడ్డి దిగుతుంది. నేనైతే పక్కన మల్టీమీటర్ పెట్టుకుని, రీడింగ్ చూసి ఆపేస్తాను.

తాగడానికి కొనొచ్చా అని అడిగేవాళ్లకు వద్దనే చెప్తున్నాను. బీకరులో వెలుతురు చేసే పనే చర్మంలోనూ చేస్తుంది: పేరుకున్న వెండి నీలి బూడిద రంగుకు తిరుగుతుంది. ఆర్జీరియా అంటారు, సాధారణంగా పోదు. కొల్లాయిడల్ సిల్వర్ మందులను సురక్షితమని గానీ, పనిచేస్తాయని గానీ ఒప్పుకోలేమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది.

సిల్వర్ నైట్రేట్ కావలసినంత దొరికే ల్యాబ్ ఉంటే ఈ కిట్ అక్కర్లేదు, రంగు దానితోనూ వస్తుంది. మాకు ఏడాదికి ఒక్క చిన్న సీసా ఇస్తారు, తీగలేమో అరగవన్నట్టే ఉన్నాయి. ఆ లెక్కన నాకు గిట్టింది.