కోనసీమలో అమ్మకానికి వచ్చిన మండువా లోగిలి: ఎండలో ఒకసారి, వానలో ఒకసారి చూసి

అమలాపురం నుంచి అంబాజీపేట వెళ్లే దారిలో పెద్ద రోడ్డు దిగి, పంట కాలవ గట్టు పట్టుకుని కొంత దూరం లోపలికి వెళితే వచ్చే ఒక ఊరిలో, సుమారు నూరేళ్ల నాటి మండువా లోగిలి ఒకటి అమ్మకానికి వచ్చింది. ఇంటి చుట్టూ 30 సెంట్ల దొడ్డి, దానిని ఆనుకుని వెనక 1 ఎకరం 60 సెంట్ల కొబ్బరి తోట ఉన్నాయి. నాలుగేళ్ల కిందట ఆ కుటుంబం వారే ఇంటిని బాగుచేయించి, కొంతకాలం అతిథులకు అద్దెకు ఇచ్చి, చూసుకునే మనిషి లేక ఇప్పుడు అమ్మదలచుకున్నారు. నేనూ నా భార్యా కొనే ఉద్దేశంతోనే దానిని మే నెలలో ఒకసారి, ఆగస్టు వానల్లో మరొకసారి చూశాము. మొదటిసారి కలిగిన అభిప్రాయం రెండోసారికి చాలావరకు మారింది. ఇటువంటి ఇళ్ల కోసం వెతుకుతున్నవారు ఇప్పుడు చాలామంది ఉన్నారు కాబట్టి, మేము చూసినది చూసినట్టు రాస్తున్నాను.

వీధి వైపు రెండు ఎత్తైన అరుగులు, వాటి మధ్య మూడు మెట్లు, ఆపైన సింహద్వారం. అది దాటితే చావడి, చావడి లోంచి మండువా, అంటే ఇంటి నడిమధ్య పైన కప్పు లేని వాకిలి. మండువా చుట్టూ ఎనిమిది స్తంభాలు, అన్నీ రంగం (రంగూన్) టేకువే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలవలు పారి, వరి మీద నాలుగు డబ్బులు కళ్లజూసిన తర్వాతనే డెల్టా గ్రామాలలో ఇలాంటి లోగిళ్లు లేచాయి. మన రేవుల నుంచి రంగానికి ఓడలు నడిచిన రోజులవి, బర్మా అడవుల కర్ర మన తీరానికి వచ్చి ఊళ్లకు చేరింది. ఈ ఇంటి దూలాలు చూసినప్పుడు ఆ చరిత్ర చేతికి తగులుతుంది. నడిమి దూలం గోడ నుంచి గోడకు 22 అడుగులు ఒకే కర్ర, ఎక్కడా అతుకు లేదు, ఇప్పటికీ గోరుతో గీస్తే గీత పడదు. ఇలాంటి లోగిళ్లను విప్పి కర్రను టోకుగా అమ్ముకుంటున్న రోజుల్లో, ఒక కుటుంబం తమ సొమ్ము పెట్టి దీనిని నిలబెట్టిందన్న గౌరవంతోనే నేను తక్కిన మాటలన్నీ చెబుతున్నాను.

కప్పు పని చాలా బాగా చేయించారు. నిచ్చెన వేయించుకుని, టార్చిలైటు పట్టుకుని అటక ఎక్కి చూశాను. గోడ మీద ఆనే చోట కుళ్లిన వాసాలను మొత్తం తీసి పారేయకుండా, పాడైన కొసను మాత్రం కోసి, ఏటవాలుగా అతుకు వేసి, ఇనుప మేకు వాడకుండా చెక్క చీలలతో బిగించారు. పాత కర్ర నల్లగా, కొత్త కర్ర తేనె రంగులో ఉండడం వల్ల ఏది ఎప్పటిదో స్పష్టంగా తెలుస్తుంది, అలా తెలిసేటట్టు వదిలేయడం కూడా మంచి వడ్రంగి లక్షణమే. నైరుతి మూల వాసాలు మాత్రం టేకు కావు, తాటివి. 1996 నవంబరు 6 నాటి తుపానులో ఆ మూల కప్పు లేచిపోయిందనీ, అప్పుడు దొరికిన కర్రతో వేశారనీ పక్కింటివారు చెప్పారు. అవి గట్టిగానే ఉన్నాయి, మార్చనవసరం లేదు. పైన ఉన్నవి మంగుళూరు పెంకులు. పగిలినవాటి చోట కొత్తవి వేయకుండా, పాత ఇళ్లు విప్పిన చోటి నుంచి ఏరి తెచ్చి వేయడం వల్ల కప్పంతా ఒకే రంగులో ఉంది.

మే నెలలో ఇవన్నీ చూసి మేము దాదాపు మాట ఇచ్చేశాము. గోడలు తెల్లగా, పొడిగా ఉన్నాయి, మండువాలో గచ్చు అద్దంలా మెరుస్తోంది, నూతిలో నీరు 12 అడుగుల లోతున ఉంది. అయితే మే నెల అంటే డెల్టాలో కాలవలు కట్టేసే కాలమని ఆ ఉత్సాహంలో మాకు తట్టలేదు. ఆ రోజుల్లో భూమిలో నీరు అడుగంటుతుంది, ఇంటి లోపమేదైనా ఉంటే దానితోపాటే దాక్కుంటుంది. కాలవలకు నీళ్లు వదిలి, వానలు పట్టిన తర్వాత చూస్తే అదే నూతిలో నీరు 4 అడుగులకు వచ్చింది. కోనసీమలో ఇల్లు చూడదలచినవారు దయచేసి శ్రావణ భాద్రపదాల్లో చూడండి.

రెండోసారి మేము చావడిలో కూర్చుని ఉండగానే గంటసేపు పెద్ద వాన కురిసింది. మండువాలోకి నాలుగు వైపుల నుంచీ చూరు నీళ్లు పడుతుంటే చూడడం ఈ ఇంట్లో ఉండేవారికి దక్కే భాగ్యం. రెండు వాలులు కలిసే మూలల్లో కొత్తగా వేసిన రేకు కాలవలు ఒక్క చుక్క కూడా లోపలికి రానివ్వలేదు. మూలన పెట్టిన ఇత్తడి గంగాళం పది నిమిషాలకే నిండి పొర్లింది. కానీ కింద పడిన నీరు పోవలసిన వేగంతో పోలేదు. మండువా ఈశాన్య మూల నుంచి తూర్పు గది కింద మీదుగా పెరట్లోకి రాతి తూము ఒకటి ఉంది. కట్టినవారు దానికి ఇచ్చిన వాటం ఈనాటికీ సరిగ్గానే ఉంది. బాగుచేయించినప్పుడు పెరడును మట్టి పోసి మెరక చేయించి, దాని మీద సిమెంటు బాట వేయించడంతో, తూము నోరు బాటకన్నా జానెడు పల్లంలో పడిపోయింది. వాన వెలిశాక కూడా మండువాలో మడమ మునిగేంత నీరు నలభై నిమిషాలు నిలిచింది. గుంటూరు వైపు మెట్ట ఊళ్లో అయితే దీనిని చిన్న లోపమనుకోవచ్చు. నీరు నిలవకుండా పోవడమే ప్రాణమైన డెల్టాలో, మండువా ఇంటికి ఇది గుండెలో అడ్డంకి వంటిది.

ఇంతకన్నా నన్ను బాధపెట్టింది గోడల సంగతి. ఇటుకను సున్నంతో కట్టిన గోడలవి. పాత రోజుల్లో గానుగలో ఆడించిన సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపి పూత వేసేవారు. పడమటింట్లో ఒక మూల ఆ పాత పూత ఇంకా మిగిలి ఉంది, అరచేయి ఆనిస్తే చల్లగా, పాలరాయిలా నున్నగా తగులుతుంది. మిగతా గదులన్నింటిలో నేల నుంచి నాలుగు అడుగుల ఎత్తు వరకు దానిని చెక్కేసి సిమెంటు పూత వేశారు. భూమిలోని చెమ్మ ఇటుక గుండా పైకి పాకడం సహజం. సున్నపు పూత ఉంటే ఆ చెమ్మ గాలికి ఆరిపోతుంది, సిమెంటు దానిని లోపలే బిగించి ఉంచుతుంది. లోపల ఇరుక్కున్న నీరు ఇంకా పైకి పాకి, సిమెంటు ముగిసిన చోట ఉప్పుతో సహా బయటికి వస్తుంది. ఆగస్టులో నేను చూసింది సరిగ్గా అదే. చావడి గోడకు నాలుగు అడుగుల ఎత్తున, నడుం పట్టీలాగా, తెల్లటి పొడి పొర ఒకటి ఇల్లంతా చుట్టి ఉంది. అక్కడ వేలితో నొక్కితే రంగు పెచ్చు ఊడి, వెనక ఇటుక ఎర్రగా పొడిపొడిగా రాలింది. "ఈ చెమ్మ మా నాన్నగారి రోజుల నుంచీ ఉన్నదేనండి, ఏడాదికోసారి సున్నం కొట్టించేస్తే సరిపోయేదండి" అని ఇంటి పెద్దాయన అన్నారు. ఆయన అన్నది నిజమే. ఆనాడు సున్నం కొట్టిస్తే సరిపోయింది, ఎందుకంటే కింద పూత కూడా సున్నమే.

వంటింట్లో వేసిన మెరుపు టైల్సు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, తీసేయవచ్చు. స్నానాల గదులు రెండు కొత్తగా కట్టారు, శుభ్రంగా ఉన్నాయి. కానీ వాటి సెప్టిక్ ట్యాంకు నూతికి 20 అడుగుల దూరంలోనే ఉంది. నీరు ఇంత పైకి వచ్చే నేలలో ఆ నూతి నీటిని తాగడానికి వాడకూడదు, ట్యాంకును దొడ్డి అవతలి మూలకు మార్చక తప్పదు.

తోట సంగతి కాస్త తీరికగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఆస్తిలో ఏటా ఆదాయం ఇచ్చేది అదొక్కటే. ఇంటి ముందు పారిజాతం, నందివర్ధనం, సంపెంగ, నూతి గట్టున కరివేపాకు, దొడ్డిలో రెండు పనసలు, ఒక కొత్తపల్లి కొబ్బరి మామిడి ఉన్నాయి. ఆ మామిడి కింద నేల మీద ఆకులు ఊడ్చిన చీపురు గీతలు చూసి నా భార్య అక్కడే చాలాసేపు నిలబడిపోయింది. వెనక తోటలో 98 కొబ్బరి చెట్లు లెక్కపెట్టాము. ఎనిమిది మీటర్ల ఎడంతో వేస్తే ఎకరానికి అరవై మూడు వరకు పడతాయి కాబట్టి, ఈ విస్తీర్ణానికి అది సరైన లెక్కే. చాలా చెట్లు 1996 తుపాను తర్వాత నాటినవి, మంచి కాపు వయసులో ఉన్నాయి. ఆకుల అడుగున సర్పిలాకార తెల్లదోమ, దాని జిగురు మీద పెరిగిన నల్లటి మసి కనిపించాయి. ఈ మధ్య కోనసీమలో అది లేని తోట అరుదు. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం వారి సలహా ప్రకారం నడుచుకుంటే అదుపులో పెట్టుకోవచ్చు. అసలు భయం దక్షిణపు గట్టు దగ్గర ఉంది. ఆ పక్క వరి చేను ఇప్పుడు రొయ్యల చెరువు. గట్టు వరసలోని చెట్లకు ఆకుల కొసలు ఎండి గోధుమరంగుకు తిరిగాయి, లోపలి వరసలకు ఆ లక్షణం లేదు. మట్టి, నీరు రెండూ ఉప్పు పరీక్షకు పంపించే వరకు తోటకు ధర కట్టకూడదని నా అభిప్రాయం.

కాగితాల విషయంలో ఇల్లు, తోట రెండు వేర్వేరు ఆస్తులన్నట్టే చూడాలి. తోటకు సర్వే నంబరు, పాసుపుస్తకం, అడంగలు (సాగు లెక్కల రికార్డు) ఉన్నాయి, ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే ముప్ఫై ఏళ్ల ఈసీ మచ్చ లేకుండా వచ్చింది. ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో ఉంది, కాబట్టి దానికి దాఖలా అంటే పాత భాగపరిష్కార పత్రం, ఇంటి పన్ను రసీదులు మాత్రమే. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితాలో ఇది లేదని రిజిస్ట్రారు కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. అమ్మేది ముగ్గురు అన్నదమ్ములని మొదట చెప్పారు. ఇద్దరు అక్కచెల్లెళ్లు కూడా ఉన్నారని తర్వాత తెలిసింది. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో హక్కును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985లోనే ఇచ్చింది, 2005లో దేశమంతటికీ చట్టం వచ్చింది. వారి సంతకాలు లేని దస్తావేజు మీద ఒక్క రూపాయి బయానా కూడా ఇవ్వకూడదు. ఇలాంటి లోగిళ్ల మీద మనసు పడేవారిలో విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఎక్కువ కాబట్టి మరొక్క మాట చెప్పాలి. విదేశాల్లో స్థిరపడినవారు, భారత పౌరులైనా సరే, మన దేశంలో ఇల్లు కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి, తోట, ఫారంహౌసు కొనడానికి విదేశీ మారక చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అంటే ఈ ఆస్తిలో లోగిలి దారి వేరు, కొబ్బరి తోట దారి వేరు. ఈ సంగతి చెప్పకుండా రెండూ కలిపి బేరం చేసే మధ్యవర్తులు ఉంటారు.

ధరను బయటపెట్టవద్దని వారు కోరారు కాబట్టి అంకె రాయడం లేదు. అడుగుతున్న మొత్తంలో మూడు ముక్కలున్నాయి: తోటకు చుట్టుపక్కల నడిచే ధర, ఇంటి కర్రకు, కప్పుకు కట్టిన విలువ, బాగుచేయించడానికి అయిన ఖర్చు. మొదటి రెండింటి మీద మాకు అభ్యంతరం లేదు, కర్ర విలువ నిజానికి తక్కువే కట్టారు. మూడోదానిలో సిమెంటు పూత, పెరటి మెరక, టైల్సు ఖర్చు కూడా ఉంది. అవన్నీ కొన్నవారు మళ్లీ డబ్బు పెట్టి తీయించవలసినవి. సిమెంటు చెక్కించి, గోడలను ఒక వేసవి అంతా ఆరనిచ్చి, సున్నంతో పూత వేయించడానికి అయ్యే ఖర్చును ఆ ముక్క లోంచి తగ్గించాలని మేము అడిగాము. రిజిస్ట్రేషన్‌కు మరో ఏడున్నర శాతం ఎలాగూ కొన్నవారి మీదనే పడుతుంది.

పెద్దాయన ధర సంగతి తమ్ముళ్లతో మాట్లాడి చెబుతానన్నారు, అక్కచెల్లెళ్ల సంతకాలకు వెంటనే ఒప్పుకున్నారు. పెరటి బాటను పగలగొట్టించి, మట్టి తీయించి, తూము నోరు తెరిపించే పని మాత్రం మేము కొన్నా కొనకపోయినా దసరా లోపల చేయిస్తానని మాట ఇచ్చారు. మండువాలో నీళ్లు నిలవడం వాళ్లమ్మగారు చూసి ఉంటే ఊరుకునేవారు కాదని కూడా అన్నారు. ఆ పని అయిందని కబురు రాగానే, తర్వాత పడే మొదటి పెద్ద వానకు మేము మూడోసారి వెళ్తాము.