భూమి మార్చాలా, లాగ్ వేయాలా: ఏది మేలు?

4^(ఎక్స్+1) = 8^(ఎక్స్−1) (^ తర్వాత ఉన్నది ఘాతాంకం). ఈ లెక్క ఇవ్వగానే మా ట్యూషన్‌లో ఇంటర్ పిల్లలు రెండువైపులా లాగ్ (సంవర్గమానం, అంటే ఆ సంఖ్య రావాలంటే 10కి వేయాల్సిన ఘాతాంకం) వేసేస్తారు. తొమ్మిదో తరగతి వాళ్లు మాత్రం "4, 8 రెండూ 2 ఘాతాలే కదా సార్" అంటారు. నా ఓటు చిన్నవాళ్లకే.

వాళ్ల దారిలో ఎడమవైపు 2^(2ఎక్స్+2), కుడివైపు 2^(3ఎక్స్−3) అవుతాయి. భూమి (ఘాతాంకం కింద ఉండే సంఖ్య, ఇక్కడ 2) ఒకటే కాబట్టి 2ఎక్స్+2 = 3ఎక్స్−3, అంటే ఎక్స్ = 5. సరిచూసుకుంటే రెండువైపులా 4096.

లాగ్ దారిలో పట్టిక తీయాలి. లాగ్ 4 = 0.6021, లాగ్ 8 = 0.9031. గుణించి, అటుదిటు ఇటుదటు మార్చి, చివరికి 1.5052ను 0.3010తో భాగిస్తే వచ్చేది 5.0007! ఆ 0.0007 ఎక్కడినుంచి వచ్చిందా అని పిల్లాడు టెన్షన్‌తో లెక్కంతా మళ్లీ తిరగేస్తాడు. తప్పు వాడిది కాదు, పట్టికలో ఉన్నవి నాలుగు దశాంశ స్థానాలే. (లాగ్ 4ను 2 లాగ్ 2 అని, లాగ్ 8ని 3 లాగ్ 2 అని రాసుకుంటే సరిగ్గా 5 వస్తుంది. కానీ అలా రాశామంటే దొడ్డిదారిన భూమి మార్చినట్టే.)

అలాగని లాగ్‌ను పక్కన పడేయలేం. 2^ఎక్స్ = 7 అని ఇస్తే 2ను 2తోనే ఎన్నిసార్లు గుణించినా 7 రాదు. లాగ్ 7 అయిన 0.8451ని లాగ్ 2 అయిన 0.3010తో భాగించాల్సిందే, సుమారు 2.81.

మధ్యలో ప్లస్ వస్తే కథ వేరు. 2^ఎక్స్ + 2^(ఎక్స్+1) = 24 అంటే ఘాతాంకాలు కూడేసి 2^(2ఎక్స్+1) అని రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఘాతాంకాలు కూడేది గుణకారంలో. ఇక్కడ 2^ఎక్స్‌ను ఉమ్మడిగా బయటికి తీస్తే 3 × 2^ఎక్స్ = 24, ఎక్స్ = 3. లాగ్ వేయాలన్నా ముందు ఈ పని చేయక తప్పదు.

నేను మెచ్చుకున్న పద్ధతిలోనూ ఒక గుంట ఉంది. ఎక్స్^(2ఎక్స్) = ఎక్స్^6లో భూమి ఒకటే కదా అని 2ఎక్స్ = 6 రాసి, 3 దగ్గర ఆగిపోతారు. ఎక్స్ బదులు 1 పెట్టి చూడండి, −1 పెట్టి చూడండి. రెండుసార్లూ రెండువైపులా 1 వస్తుంది.