బరంపురంలో కాలు బెణుకుకి ఫిజియోథెరపీ, మా అనుభవం

ముందే చెప్పేస్తున్నా, చీలమండ మాటిమాటికీ మెలిపడేవాళ్ళు ఈ క్లినిక్‌కి కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు. మా తమ్ముడు శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కి దిగేటప్పుడు రాయి మీద కాలు పడి బెణికింది, ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందన్నారు, వాపు కూడా తగ్గిపోయింది గానీ గతుకుల్లో అడుగేస్తే చాలు పాదం లోపలికి తిరిగిపోయేది. ముందు పర్లాకిమిడిలో ఒకచోట చూపిస్తే కరెంటు పెట్టడం, కాపడం పెట్టడం, పంపించేయడం, అంతే.

ఇక్కడ మేడం మెషిన్ జోలికే పోలేదు మొదట. వాడిని కూర్చోబెట్టి పాదం బయటివైపు తిప్పమని, తన చేత్తో అడ్డంపెట్టి బలం చూసింది, ఆ కాలికి బలమే లేదు. బయటి చీలమండ ఎముక వెనకాల వేలు పెట్టి చూపించింది, పాదం తిప్పినప్పుడల్లా అక్కడ సన్నటి తాడులా లేస్తోంది. అవి పెరోనియస్ కండరాల స్నాయువులట, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాళ్ళు, లాంగస్, బ్రెవిస్ అని రెండు. బ్రెవిస్ చిటికెన వేలి వైపు ఎముక మొదట్లో అతుక్కుంటుంది, లాంగస్ అయితే అరికాలి కిందనుంచి అడ్డంగా పోయి బొటనవేలి వైపు ఎముక దాకా వెళ్తుంది, నాకైతే ఆశ్చర్యమేసింది. పాదం లోపలికి పడబోతుంటే బయటికి లాగి ఆపేవి ఇవే, అందుకే రబ్బరు బ్యాండు కట్టి వీటికే ఎక్కువ పని చెప్పింది, తర్వాత ఒంటికాలి మీద నిలబెట్టడం.

పిక్కలకి రెండు రకాల స్ట్రెచ్ ఎందుకని అడిగితే విసుక్కోకుండా చెప్పింది. పైకి కనపడే పిక్క కండరం గ్యాస్ట్రోక్నీమియస్ తొడ ఎముక దగ్గర మొదలవుతుంది కాబట్టి మోకాలు చాపితేనే బాగా సాగుతుంది, దాని కింద ఉండే సోలియస్ మోకాలి కిందే మొదలవుతుంది కాబట్టి దానికి మోకాలు వంచాలి. రెండూ కలిసి మడమ వెనక అదే అకిలిస్ స్నాయువుగా అతుక్కుంటాయి. కొండ దిగాక వాడికి ముంగాలు కూడా నొప్పిగా ఉండేది, అది టిబియాలిస్ యాంటీరియర్ అనే కండరం, దిగేటప్పుడు పాదం టప్పున పడకుండా పట్టుకునేది అదేనంట. ఇలా చెప్తే ఇంట్లో ఎక్సర్‌సైజులు ఎందుకు చెయ్యాలో అర్థమై మానకుండా చేస్తాం కదా, మా వాడు చేశాడు, ఇప్పుడు క్రికెట్ ఆడుతున్నాడు.

సిట్టింగ్‌కి మూడొందలు, ఆ మాత్రం ఇవ్వొచ్చు. కానీ కాళ్ళు బాగోలేనివాళ్ళు వచ్చే చోట మేడ మీద క్లినిక్ పెట్టి లిఫ్ట్ లేకపోవడం చాలా తప్పు, మా పక్కన ఒక పెద్దాయన్ని ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. ఎక్సర్‌సైజుల కాగితం ఒడియాలోనే ఇస్తారు, ఇచ్ఛాపురం, సోంపేట నుంచి ఇంతమంది వస్తున్నప్పుడు తెలుగులో కూడా ఇవ్వాలి. మేడం మాత్రం తెలుగు బాగానే మాట్లాడుతుంది. పొద్దున పూట రద్దీ, ఫోన్ చేసి సాయంత్రం టైం తీసుకోండి.