‘పీటర్ ర్యాబిట్’ బొమ్మల పుస్తకం ఆన్‌లైన్‌లో కొనేవారికి హెచ్చరిక

బియాట్రిక్స్ పాటర్ రాసి, తానే బొమ్మలు గీసిన ‘ద టేల్ ఆఫ్ పీటర్ ర్యాబిట్’ను ఆన్‌లైన్‌లో తెప్పించుకోదలచినవారు, ముఖ్యంగా మా ఒంగోలు, కందుకూరు, కావలి వంటి ఊళ్లలో ఉండి ఇలాంటి పుస్తకాలను పేజీలు తిరగేసి చూసి కొనే వీలు లేనివారు, డబ్బు కట్టే ముందు ఈ వివరాలు చదవవలసిందిగా మనవి.

మా మేనకోడలి కూతురికి కానుకగా దీన్ని ఆర్డరు చేశాను. అమ్మకందారు చూపించినవి చక్కని రంగుల బొమ్మలు. పార్శిల్‌లో వచ్చినది లోపలంతా నలుపు తెలుపుల్లో, మరీ పాత జిరాక్స్‌లా అలుక్కుపోయిన ప్రతి. ఈ కథ సగం బొమ్మల్లోనే నడుస్తుంది. తల్లి కుందేలు వద్దన్నా పిల్ల కుందేలు పీటర్, మెక్‌గ్రెగర్ అనే ఆసామి తోటలో దూరడం, ఇత్తడి గుండీల కొత్త నీలం కోటు వలలో చిక్కుకోవడం, చివరకు ఆ కోటునే పిట్టలను బెదరగొట్టే దిష్టిబొమ్మకు తొడగడం ఇందులోని ముఖ్య ఘట్టాలు. కోటు బూడిద రంగులో ఉంటే, నీలం కోటు ఏదని అడిగే నాలుగేళ్ల పిల్లకు ఏం చూపించాలి? పైగా వలలో చిక్కుకున్న పేరాకు ఎదురుగా, పీటర్ నీళ్ల క్యానులో దాక్కున్న బొమ్మ అచ్చయింది. మెక్‌గ్రెగర్ భార్య పీటర్ తండ్రిని ‘పై’ అనే వంటకంలో పెట్టేసిందని తల్లి చెప్పే వాక్యాన్ని ఏకంగా ఎత్తేశారు. పసివాళ్లు భయపడతారని తీసేసి ఉంటారు గానీ, ఆ వాక్యం లేకపోతే తల్లి ఎందుకు వద్దంటున్నదో బిడ్డకు అర్థం కాదు.

దీన్ని దొంగ ముద్రణ అనడానికి లేదు. పుస్తకం 1902లో వెలువడింది; రచయిత్రి 1943లో మరణించారు; మన చట్టం ప్రకారం ఆ తర్వాత 60 ఏళ్లకు, అంటే 2003 ముగిసేసరికి కాపీరైట్ తీరిపోయింది. ఎవరైనా అచ్చు వేసి అమ్ముకోవచ్చు. అందువల్ల ‘నకిలీ పంపారు’ అన్న నా మొదటి ఫిర్యాదుకు, పేరు సరిపోయింది కదా అని జవాబు వచ్చింది. చూపించిన పేజీని, వచ్చిన పేజీని పక్కపక్కన పెట్టి, చూపినది ఒకటి, పంపినది మరొకటి అని రాసిన తర్వాతే పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు. పంపడానికి అయిన ఖర్చు మాత్రం ఇవ్వలేదు.

సమీక్షలను చూసి నమ్మవద్దు. ఒకే పేరుతో ఉన్న వేర్వేరు ముద్రణలకు వచ్చిన పొగడ్తలు కొన్ని చోట్ల ఒకే చోట కలిసిపోయి కనిపిస్తాయి. ప్రచురణకర్త పేరు, 13 అంకెల ఐఎస్‌బీఎన్ (ఒక్కో ముద్రణకు ఇచ్చే గుర్తింపు సంఖ్య), కొలతలు చూడండి. ఈ పుస్తకం మొదట వచ్చింది పిల్లల చేతిలో ఇమిడే చిన్న సైజులో. ఎ4 కొలతలు కనిపిస్తే అది వేరే ముద్రణ. లోపలి పేజీల ఫోటో పంపమని అమ్మకందారును అడగండి. పంపకపోతే కొనడం మానుకోండి. అన్నట్టు, పిల్లల బొమ్మల పుస్తకాలకు జీఎస్టీ లేదు. బిల్లులో వేసి ఉంటే అదీ నిలదీయవచ్చు.

పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసి, అమ్మకపు పేజీని స్క్రీన్‌షాట్‌గా దాచుకోండి, ఎందుకంటే ఆ పేజీలో బొమ్మలను వారు ఎప్పుడైనా మార్చివేయగలరు. అమ్మకందారు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, అమ్మకందారు ఏ నగరంలో ఉన్నా, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, అంటే ఒంగోలులోనో నెల్లూరులోనో, ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయలు దాటనంతవరకు దానికి రుసుము లేదు.