భీమిలి వైపు ‘సీనియర్ లివింగ్’ విల్లా చూస్తున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

విశాఖ నుంచి భీమిలి మీదుగా భోగాపురం వెళ్లే దారిలో అరవై దాటినవాళ్ల కోసం ప్రత్యేకంగా కడుతున్నామంటూ బోర్డులు కనిపిస్తున్నాయి. అలాంటి ఒక ప్రాజెక్టులో నేనూ మా ఆయనా విల్లా బుక్ చేశాం. కట్టిన డబ్బు ఇప్పటికీ పూర్తిగా తిరిగి రాలేదు. ఇళ్ల ప్రాజెక్టుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ రెరాలో ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయను. ఇదే పద్ధతిలో అమ్మేవాళ్లు ఇంకా ఉంటారు, అందుకని ఆ పద్ధతేమిటో చెబుతాను.

మాకు హైదరాబాద్‌లో సొంత ఇల్లుంది. ఇంకో ఇంటికోసం భీమిలి దాకా పోవాల్సిన పని లేదు. అర్ధరాత్రి ఛాతీలో నొప్పొస్తే బటన్ నొక్కగానే నర్సు రావడం, షుగరూ బీపీ ఉన్నవాళ్లు తినగలిగే భోజనం వేళకు రావడం, ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఎప్పుడూ ఒక బండి సిద్ధంగా ఉండటం, మేం చూసింది ఇవి. చుట్టుపక్కల గజం ధర కంటే బాగా ఎక్కువ అడిగినా సరేనన్నది వీటి కోసమే. బ్రోచర్‌లో ఇవన్నీ రంగురంగుల బొమ్మలతో ఉన్నాయి. అమెరికాలో ఉన్న మా అమ్మాయికి వాట్సాప్‌లో వీడియో పంపి మరీ చూపించారు. తీరా అగ్రిమెంట్ డ్రాఫ్ట్ చేతికొచ్చాక చూస్తే అందులో టైల్స్ కంపెనీ పేరుంది, కుళాయిల కంపెనీ పేరుంది, నర్సు మాత్రం లేదు.

అడిగితే అప్పుడు రెండో కాగితం బయటికి తీశారు. దాని పేరు సర్వీస్ అగ్రిమెంట్. అది బిల్డర్‌తో కాదు, వేరే కంపెనీతో. ఆఫీసు చిరునామా మాత్రం బిల్డర్‌దే. అందులో నర్సు ‘లభ్యతను బట్టి’ ఉంటుంది. డాక్టర్ వారంలో ఒకపూట వచ్చి వెళ్తాడు, ఫీజు వేరే. నెలవారీ ఛార్జీ ఏటా పెంచుకోవచ్చు, ఎంత వరకు అనే హద్దు ఎక్కడా లేదు. అన్నిటికంటే ముఖ్యమైనది చివరి పేజీలో ఉంది: మూడు నెలల నోటీసు ఇచ్చి ఎవరైనా ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఎవరైనా అంటే ఆ కంపెనీ కూడా. వాళ్లు వెళ్లిపోతే మనకు మిగిలేది ఊరికి దూరంగా ఒక ఇల్లు, ఎదురుగా సముద్రం. బిల్డర్‌ని అడిగితే సేవలతో తనకు సంబంధం లేదంటాడు. కాగితం ప్రకారం అది నిజమే.

సేల్స్ ఆఫీసులో ఇది ‘గవర్నమెంట్ మోడల్’ అని చెబుతారు. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్‌లకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చిన మాట వాస్తవమే. కానీ ఆ నమూనాలోనే బిల్డర్, సేవలు అందించే సంస్థ, కొనేవాళ్లు ముగ్గురూ కలిసి ఒకే ఒప్పందం మీద సంతకం పెట్టాలని ఉంది. మాకిచ్చింది దానికి సరిగ్గా వ్యతిరేకం. మీకూ రెండు కాగితాలు విడివిడిగా ఇస్తే, ముగ్గురి సంతకాలతో ఒకే ఒప్పందం కావాలని అడగండి. కుదరదంటే అక్కడితో లేచి వచ్చేయడమే మేలు.

పిల్లల విషయం కూడా ఆ సర్వీస్ అగ్రిమెంట్‌లోనే ఉంది, మా ఆయన చదివి చూపించేదాకా నా కంట పడలేదు. యాభై ఐదేళ్లు నిండనివాళ్లు అక్కడ కాపురం ఉండకూడదు. అంటే మా తర్వాత ఇల్లు అమ్మాయి పేరు మీదకు వస్తుంది గానీ తను అందులో ఉండటానికి లేదు, అమ్ముకోవాలి లేదా అద్దెకివ్వాలి. అమ్మాలన్నా కొనేవాళ్ల వయసు కుదరాలి, కంపెనీ ఒప్పుకోవాలి, పైగా వాళ్లకు ట్రాన్స్‌ఫర్ ఫీజు కట్టాలి. వయసు నిబంధన పెట్టడం తప్పని నేననను, అలాంటి చోట అది ఉండాల్సిందే. డబ్బు తీసుకునే ముందు చెప్పకపోవడమే అన్యాయం.

ఇక డబ్బు తీసుకున్న తీరు. ‘ప్రీ లాంచ్ ఆఫర్, ఈ నెలాఖరు దాకే’ అన్నారు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో ఎనిమిది యూనిట్లకు మించి కట్టే ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడమే 2016 రెరా చట్టం ప్రకారం కుదరదు, బుకింగ్ సంగతి తర్వాత. నంబర్ అడిగితే ఇచ్చారు. ఏపీ రెరా వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే అది పక్కనున్న పాత ఫేజ్‌ది. నంబర్ ఉందా అని మాత్రమే చూసి ఊరుకోకండి, సర్వే నంబర్లు, యూనిట్ల సంఖ్య మీకు చూపించిన ప్లాన్‌తో సరిపోతున్నాయో లేదో చూడండి. అదే చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. మా దగ్గర ఇరవై తీసుకున్నారు. ‘అమ్మా, మీరేం టెన్షన్ పడకండి, అందరూ ఇలాగే కడుతున్నారు’ అన్నాడు సేల్స్ ఆఫీసు అబ్బాయి. అందరూ కడుతున్న మాట నిజమే అయ్యుండొచ్చు.

సముద్రం సంగతికొస్తే, మాకు చూపించిన ముందు వరస విల్లాలు గోస్తనీ నది సముద్రంలో కలిసే వైపు ఉన్నాయి. సీఆర్‌జెడ్ గురించి, అంటే తీరం పక్కన కట్టడాలను నియంత్రించే నిబంధనల గురించి అడిగితే ‘అది బీచ్‌కే అమ్మా, ఇది నది పక్క’ అన్నారు. తప్పు. పోటు నీరు ఎక్కే నదులు, క్రీకుల గట్లకు కూడా సీఆర్‌జెడ్ వర్తిస్తుంది. సముద్రం వైపు 2019 నోటిఫికేషన్ ప్రకారం పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా దాని పరిధే. జనసాంద్రత తక్కువ ఉన్న గ్రామీణ ప్రాంతంలో మొదటి 200 మీటర్లలో కొత్తగా ఇళ్లు కట్టనివ్వరు. కొచ్చి దగ్గర మరడులో ఏళ్ల తరబడి జనం కాపురాలున్న నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలను ఈ నిబంధనల కిందే సుప్రీంకోర్టు ఆదేశంతో 2020 జనవరిలో పేల్చి కూల్చేశారు. కొన్నవాళ్ల దగ్గర రిజిస్ట్రేషన్ కాగితాలు ఉన్నాయి, బ్యాంకు లోన్లు ఉన్నాయి. అవేవీ ఆ భవనాలను కాపాడలేదు. కాబట్టి తీరప్రాంత మ్యాప్ మీద మీ సర్వే నంబర్ ఎక్కడ పడుతుందో రాతపూర్వకంగా ఇమ్మనండి. బ్రోచర్‌లోని బొమ్మకు ఆ మ్యాప్‌తో ఏ సంబంధమూ ఉండదు.

భూమి కాగితాల గురించి తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు, నేను ఒక్క విషయమే చెబుతాను. ఎసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) అయినా ఇరవై ఏళ్లు దాటింది కాబట్టి ఫ్రీహోల్డ్ అయిపోయింది, అంటే అమ్ముకునే పూర్తి హక్కు వచ్చేసింది అని చెబితే వెంటనే నమ్మకండి. 2023లో చట్టం మార్చింది నిజమే, 2024లో ఆ రిజిస్ట్రేషన్లు ప్రభుత్వం ఆపిందీ నిజమే. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో సర్వే నంబర్ ఉందో లేదో మీరే చూసుకోండి, ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల వివరాల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) మీ సొంత లాయర్‌కి చూపించండి. వాళ్లు కుదిర్చిన లాయర్‌కి కాదు.

వీలైతే ఒక పగలూ ఒక రాత్రీ ఆ చుట్టుపక్కలే ఉండి రండి. ఉప్పు గాలికి కిటికీ గ్రిల్స్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఎలా తయారవుతాయో పాత ఇళ్లు చూస్తే తెలుస్తుంది. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు ఎన్ని రోజులు లేదో అక్కడి టీ కొట్టులో అడిగినా చెబుతారు. ‘ఆస్పత్రి పది నిమిషాల్లో’ అని రాసి ఉంటే, ఆ పది నిమిషాల్లో ఉన్నచోట రాత్రిపూట గుండె డాక్టర్ ఉంటాడో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

మేం వద్దనుకున్నాక కట్టినదాంట్లో కొంత తిరిగిచ్చారు, మిగతాది ‘క్యాన్సిలేషన్ ఛార్జీ’ కింద పట్టుకున్నారు. అబద్ధపు ప్రకటన నమ్మి డబ్బు కట్టినవాళ్లకు అది వడ్డీతో సహా వెనక్కి ఇవ్వాలని రెరా చట్టం 12వ సెక్షన్‌లో ఉంది, మా ఫిర్యాదు దాని మీదే. బ్రోచర్, వాట్సాప్ మెసేజ్‌లు, రసీదులు మా అమ్మాయి దాచి ఉంచింది కాబట్టి లాయర్‌కి పని సులువైంది. మీరూ ఏదీ డిలీట్ చేయకండి. మాట ఫోన్‌లో జరిగితే, ‘మీరు ఇలా చెప్పారు’ అని వెంటనే ఒక మెసేజ్ పెట్టి ఉంచండి.

ఇప్పటికే బుకింగ్ ఫారం చేతిలో ఉంటే, సంతకం చేసే ముందు వెనకవైపు చిన్న అక్షరాల్లో ‘కట్టిన మొత్తం తిరిగి ఇవ్వబడదు’ అనే వాక్యం ఉందేమో చూసి దాన్ని కొట్టేయమనండి. మేనేజర్‌ని అడగాలంటారు. అడిగి రానివ్వండి, అప్పటిదాకా చెక్కు మీ దగ్గరే ఉంచుకోండి.