866 మెగాహెర్ట్జ్ రిసీవర్‌కు ఎల్‌సీ ఫిల్టరా, సా ఫిల్టరా?

కావలసిన ఫ్రీక్వెన్సీని ఉంచి, పక్కవాటిని ఆపేదే ఫిల్టర్. ఎల్‌సీ అంటే తీగచుట్ట (ఇండక్టర్), కెపాసిటర్‌లతో చేసినది; సా (SAW) అంటే ఉపరితల ధ్వని తరంగాలతో పనిచేసేది. మన దేశంలో లైసెన్సు అక్కరలేని 865–868 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కు పొరుగు చాలా గట్టిది. 869 నుంచి 889 వరకు మొబైల్ టవర్ల ప్రసారమే. ఎంపిక తేలేది ఇక్కడే.

పదును: 2 మెగాహెర్ట్జ్ వెడల్పు కావాలంటే 866ను 2తో భాగించండి, క్యూ విలువ (ఫిల్టర్ ఎంత ఇరుకుగా వడకడుతుందో చెప్పే అంకె) 433 రావాలి. చిన్న చిప్ ఇండక్టర్లలో అది సాధారణంగా వంద దాటదు. ఎల్‌సీని అంత ఇరుకుగా బిగిస్తే అసలు సిగ్నలే కరిగిపోతుంది. సా ఫిల్టర్‌లో స్ఫటికం ఉపరితలంపై పాకే ధ్వని తరంగాలు ఈ పని చేస్తాయి. అయినా 869 అంచును అది కూడా పూర్తిగా ఆపలేదు.

నష్టం: సా 2, 3 డెసిబెల్స్ తినేస్తుంది. యాంప్లిఫయర్‌కు ముందు పెడితే అదంతా నాయిస్ లెక్కలో చేరుతుంది. వెడల్పాటి ఎల్‌సీతో నష్టం తక్కువ.

శ్రమ: ఎల్‌సీకి బోర్డు మీది రాగి గీత పొడవు కూడా లెక్కే. సా అతికిస్తే చాలు, కానీ ఫ్రీక్వెన్సీ మార్చలేం.

టవర్ కనిపించే మేడ మీది రిసీవర్‌కు సా తప్పనిసరి. ఊరికి దూరంగా, పొలంలో బలహీన సిగ్నల్ అందుకోవాలంటే ఎల్‌సీ మేలు. రెండూ కావాలా? యాంప్లిఫయర్‌కు ముందు ఎల్‌సీ, తర్వాత సా పెట్టండి.